కూర్చునే చోటేదీ?

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ ప్రేమ నేరం కాదంది. సంతోషమే. కానీ గుత్తిలో ఒక అమ్మాయి తాను మరో అమ్మాయిని ప్రేమిస్తున్నానని ఎవరితో చెప్పుకోవాలి? ఇంట్లో చెబితే దెబ్బలు, లేదా హడావుడి పెళ్లి. మిగిలేది జంక్షన్‌లో బెంగళూరు రైలు. కరువొస్తే కూలీలు ఎక్కే రైలే.

"ముందు నీళ్లు, కూలి. తర్వాత ఇవన్నీ" అంటున్నాం మనం. ముందు వర్గపోరాటం, తర్వాత స్త్రీల సమస్యలని ఒకప్పుడు మనకూ చెప్పలేదా? 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడింది రాత్రిబడిలో కలిసి కూర్చున్నాకే కదా!

కుటుంబమంటే పుట్టిల్లొక్కటే కాదని, ఎంచుకున్న బంధమూ కుటుంబమేనని 2024 మార్చిలో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ బంధం పుట్టడానికి చోటు కావాలి. వారానికో సాయంత్రం మన సంఘం గది తాళం ఈ పిల్లల కోసం తీద్దాం. విన్న మాట గడప దాటనివ్వొద్దు. అదీ చేయలేకపోతే మనం మాట్లాడే హక్కులు ఎవరివి?