గుంత ముందు ‘ఆగు’ అనేదెవరు?



మొన్న తిరుపతిలో మన తమ్ముడొకడు కలిసినాడు. బీటెక్ ఆఖరి సంవత్సరం. "ప్రాజెక్టు కొనేసినానన్నా. కోడు, రిపోర్టు, వైవా ప్రశ్నలు అన్నీ వాళ్ళే ఇచ్చినారు" అన్నాడు. ఏం ప్రాజెక్టని అడిగితే, రియల్ టైమ్ గ్యాస్ అలారం అన్నాడు. "సెన్సార్ వైరు తెగిపోతే అలారం మోగుతుందా?" అన్నాను. తల దించుకున్నాడు.

ఆ తల దించుకోవాల్సింది వాడు కాదు. ఎందుకో చెబుతా.

2023 అక్టోబర్ 21. శ్రీహరికోట, మన తిరుపతి జిల్లానే. గగన్‌యాన్ పరీక్షా వాహనం లేవడానికి 5 సెకన్లు ఉందనగా కంప్యూటర్ లెక్కింపు ఆపేసింది. ఏదో తేడా ఉందని పసిగట్టింది. శాస్త్రవేత్తలు సరిచేసి, అదే ఉదయం ప్రయోగించారు. అందులో మనుషులెవరూ లేరు. అయినా ‘ఆగు’ అంది.

దానికి ముందురోజే, అక్టోబర్ 20న, సుప్రీంకోర్టు ఇంకో తీర్పు చెప్పింది. మురుగుకాలువల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 2014లో నిర్ణయించిన 10 లక్షల పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. రాకెట్టుకు ముందే ఆపే కంప్యూటరు, మనకు పోయినాక ఇచ్చే చెక్కు.

2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర ఒక కోళ్ళ హేచరీలో మురుగు గుంత శుభ్రం చేస్తూ ఏడుగురు చనిపోయారు. వాళ్ళకు ‘ఆగు’ అని చెప్పింది ఎవరు?

గుంతలో ఊరే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. 100 పీపీఎం దాటితే కాసేపటికే ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయింది కదా, గ్యాస్ పోయిందనుకుంటాడు మనిషి. 1000 పీపీఎం దగ్గర ఒకటి రెండు ఊపిర్లకే కూలిపోతాడు. రియల్ టైమ్ అంటే ఇదే తమ్ముడూ. ఆలస్యంగా వచ్చిన సరైన జవాబు కూడా తప్పు జవాబే. సర్వర్ నెమ్మదిస్తే మళ్ళీ నొక్కుకోవచ్చు, ఇక్కడ రెండోసారి ఉండదు.

"ఇవన్నీ మీవాళ్ళకు ఎక్కవు, మెరిట్ ఉండాలి" అనేవాళ్ళుంటారు. వాళ్ళకొక సంగతి చెప్పండి. అమెరికాలో ప్లాట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జాన్ మెక్‌కార్మిక్ అనే ప్రొఫెసర్ బొమ్మ రైళ్ళ పట్టాలు వేసి, రైళ్ళు గుద్దుకోకుండా నడిపే సాఫ్ట్‌వేర్ రాయమని విద్యార్థులకు ఇచ్చేవాడు. సీ భాషలో రాసినన్నేళ్ళూ, సగానికి పైగా కోడు తానే ఇచ్చినా, ఒక్క జట్టు కూడా కనీస పని పూర్తి చేయలేదు. భద్రత కోసం తయారైన ఆడా భాషకు మార్చినాక చాలా జట్లు పూర్తి చేశాయి. పిల్లలు అలాంటివాళ్ళే. మారింది పనిముట్టు. లోపం బుర్రలో కాదు, చేతికిచ్చిన దానిలో ఉందని ఆయన ఒప్పుకున్నాడు. మన కాలేజీల్లో ఎంతమంది ఒప్పుకుంటారు? ఒక్క బోర్డు చుట్టూ పదిమందిని నిలబెట్టి, మెరిట్ గురించి మాట్లాడతారు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మనం చేసే అలారం పచ్చలైటు వెలిగిస్తే, "చూడు, బాగుంది, దిగు" అని కాంట్రాక్టరు చెప్పడానికి అదే సాకు అవుతుంది. సెన్సార్ పాడైనా, బ్యాటరీ అయిపోయినా, ప్రోగ్రాం నిలిచిపోయినా, యంత్రం చెప్పాల్సింది ‘దిగొద్దు’ అనే. ఫెయిల్ సేఫ్ అంటే అదే. అసలు పచ్చలైటే ఉండకూడదు. మనిషి బదులు పంపు, యంత్రం దిగాలి. చంపడం ఆపండి అని మన పక్కనే ఉన్న కోలార్ బంగారు గనుల్లో పుట్టిన బెజవాడ విల్సన్ అన్న ఎన్నేళ్ళుగానో అడుగుతున్నది కూడా అదే.

అందుకే ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీని, ఐఐటీ తిరుపతిని అడుగుదాం. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా ఈ గుంతను ఇవ్వండి. పారిశుధ్య కార్మికులను పరీక్షకులుగా కూర్చోబెట్టండి. వైరు తెంపి చూపించమనండి. అప్పుడు మార్కులు వేయండి.

తమ్ముడూ, కొన్న ప్రాజెక్టు పక్కన పెట్టు. ఆ వైరు నువ్వే తెంపి చూడు. అక్కడ మొదలవుతుంది నీ చదువు.

జై భీమ్.