టీబీకి తోడుంది, తాగుడికెందుకు లేదు?

మొన్న లంచ్ టేబుల్ దగ్గర ఓ మిత్రుడు తెగ మెచ్చుకుంటున్నాడు. వాళ్ళ బంధువుల అబ్బాయి తాగుడు మానాక, మళ్ళీ మొదలెట్టకుండా పర్సనల్ కోచ్‌ని పెట్టారట. రోజూ ఫోను, వారానికి రెండు వీడియో కాల్స్, నెలకి ఇరవై వేలు. "విల్ పవర్ ఉంటే కోచ్ ఎందుకు బాస్?" అన్నాడు పక్కాయన. నాకు రెండు మాటలకీ ఒళ్ళు మండింది.

ముందు విల్ పవర్ సంగతి. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణకడంతో పోదు. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడొచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు దుకాణాలూ వైన్ షాపులూ మూసేస్తే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి జనం ఎలా వచ్చారో గుర్తుందా? వాళ్ళందరికీ పౌరుషం లేకనా? ఇది జబ్బండీ. డాక్టరు చూడాల్సిందే.

కానీ డాక్టరు దగ్గర అయిపోయేది మొదటి అంకమే. మాది కుసుమంచి. మా బాబాయిని ఓ ప్రైవేటు సెంటర్లో నెల రోజులు ఉంచాం. మనిషి తేటగా తయారయ్యాడు. ఫైలు చేతిలో పెట్టి "ఇక మీదే బాధ్యత" అన్నారు. బస్సు దిగి ఇంటికెళ్ళే దారిలోనే బెల్టు షాపు, దాని ముందే పాత జట్టు. మిర్చి డబ్బులు చేతికొచ్చిన రోజు ఆయన పక్కన ఎవరూ లేరు. మూడు వారాలకి మళ్ళీ మొదటికే. ఊరంతా ఆయన్నే తిట్టింది, నేనూ తిట్టాను. రిలీజ్ అయిన రోజే సపోర్ట్ టీమ్‌ని ఎత్తేసి, క్రాష్ అయితే సర్వర్‌ని తిట్టినట్టన్నమాట!

కాబట్టి తోడు మనిషి కావాలి, అందులో అనుమానం లేదు. నా గొడవల్లా దాన్ని ప్యాకేజీ చేసి అమ్మడం మీదే. 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ముందు మానినవాడు కొత్తగా మానేవాడికి తోడుంటాడు, పైసా తీసుకోడు. మన దగ్గర డీఅడిక్షన్ సెంటర్ పెట్టాలంటే 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. కోచ్ అని బోర్డు పెట్టుకోడానికి మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఆ కోచ్ రేపు "మందులు ఆపెయ్" అంటే ఎవర్నడగాలి?

పోనీ, సర్కారుకి ఈ పని చేతకాదా అంటే, చేసి చూపించింది కూడా. టీబీకి 1997లో మొదలుపెట్టి 2006కల్లా దేశమంతా డాట్స్ తెచ్చారు. రోగి కళ్ళెదుట మాత్ర వేసుకునేలా చూసే మనిషిని ఊళ్ళోనే పెట్టారు, ఆ మనిషికి గౌరవ వేతనం కూడా ఇస్తారు. అది పర్సనల్ కోచింగ్ కాక మరేమిటి? తాగుడికి మాత్రం 14446 అని ఒక నంబరు ఇచ్చి ఊరుకున్నారు. 2019 జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది.

డబ్బుల్లేవంటారా? 2025లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకి లాటరీ తీశారు. దరఖాస్తుకి 3 లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగివ్వరు. అందులోంచి ప్రతి పీహెచ్‌సీకి ఒక్క మనిషి జీతం రాదా? తాగుడు మానిన వాళ్ళలోంచే ఒకర్ని తీసుకుని, శిక్షణ ఇచ్చి, డాక్టరు కింద పెట్టండి. సాయంత్రం ఆరింటికి మా బాబాయితో కలిసి ఆ షాపు దాటి ఇంటిదాకా నడిస్తే చాలు.

మనకైతే చాలా కంపెనీల్లో ఫ్రీ కౌన్సెలింగ్ ఉంది, లేదంటే ఇరవై వేలు పెట్టగలం. కూలికెళ్ళేవాడికి ఉన్నది విల్ పవర్ ఒక్కటే అని తేల్చేసి, మనం శుక్రవారం టీమ్ పార్టీకి వెళ్ళిపోదామా?