పారిస్ ప్రయాణంలో ఒక రోజు వెర్డన్‌కు ఇవ్వండి



ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం దేశాల్లో చదువుకుంటున్న, స్థిరపడిన తెలుగువాళ్ళం, వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే పారిస్ తీసుకెళ్ళి ఈఫిల్ టవర్, డిస్నీలాండ్ చూపిస్తాం. ఈసారి ఒక్క రోజు వెర్డన్ దగ్గర కొండ మీదున్న దువోమోన్ అస్థి మందిరానికి కేటాయించమని మనవి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్, జర్మనీల మధ్య 1916 ఫిబ్రవరి 21న మొదలైన వెర్డన్ యుద్ధం పది నెలలు సాగింది. ఇరుపక్షాలా కలిపి సుమారు 3 లక్షల మంది చనిపోయారు. శవాలను పూడ్చిన చోటే మళ్ళీ ఫిరంగి గుండ్లు పడ్డాయి. యుద్ధం ముగిశాక ఆ నేలలో ఎక్కడ చూసినా ఎముకలే. ఏవి ఫ్రెంచివారివో, ఏవి జర్మన్లవో తేల్చలేకపోయారు. వాటికో నీడ కల్పించాలని వెర్డన్ బిషప్ షార్ల్ జినిస్టీ పూనుకుని దేశదేశాలు తిరిగి చందాలు పోగుచేశారు. 1932లో ప్రారంభమైన మందిరంలో సుమారు 1,30,000 మంది గుర్తుతెలియని సైనికుల అస్థికలున్నాయి. దొరికిన ప్రాంతాల వారీగా అన్నిటినీ కలిపే ఉంచారు. ఎదురుగా వాలులో 16,000కు పైగా ఫ్రెంచి సైనికుల సమాధులున్నాయి.

అయినవాళ్ళు పోతే అస్థికలు ఏరి గోదావరిలోనో కృష్ణలోనో కలిపేదాకా మనకు మనసు కుదుటపడదు. ఈ సైనికుల ఇళ్ళవాళ్ళకు అదీ దక్కలేదు. కొడుకు ఎక్కడ పడిపోయాడో తెలియని తల్లులు దండం పెట్టుకునే చోటు ఇదే అయింది.

అది పరాయి యుద్ధమని కూడా అనుకోవద్దు. ఫ్రాన్స్‌లోనే నవ్ షాపెల్ దగ్గరున్న స్మారకం మీద అదే ప్రపంచ యుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన 4,700కు పైగా భారతీయుల పేర్లున్నాయి.

1984లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మితెరాఁ, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ కోల్ దువోమోన్‌లో చేతులు పట్టుకుని నిలబడ్డారు. మందిరం లోపల మొదటి జర్మన్ సైనికుడి పేరు చెక్కడానికి మాత్రం 2014 దాకా ఆగాల్సి వచ్చింది. పగ రాజేయడం ఎంత తేలికో, చల్లార్చడం ఎంత కష్టమో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. ఫోన్లో యుద్ధాన్ని ఆటలా ఆడే వయసువాళ్ళను తప్పక తీసుకెళ్ళండి.

మందిరం గోడల్లో నేలకు దగ్గరగా ఉన్న చిన్న కిటికీల్లోంచి ఎముకలు కనిపిస్తాయి. పసివాళ్ళకు ముందే చెప్పి సిద్ధం చేయండి. అక్కడ సెల్ఫీలు దిగకండి, గట్టిగా మాట్లాడకండి. వీలైతే టికెట్టు కొని మందిరం టవర్ ఎక్కండి, తోచినంత విరాళం ఇవ్వండి. మందిరం నిర్వహణకు అవి తోడ్పడతాయి.

పారిస్ నుంచి మ్యూజ్ స్టేషన్‌కు టీజీవీ రైల్లో దాదాపు గంట ప్రయాణం, అక్కడి నుంచి వెర్డన్‌కు బస్సుంది. టికెట్లు బుక్ చేసేటప్పుడే ఈ ఒక్క రోజూ కలుపుకోండి. వెళ్ళొచ్చాక మీ తెలుగు సంఘంలో నలుగురికి చెప్పండి.