పాలపళ్ళ పంచాంగం

పసిబిడ్డకు తొలిపన్ను వచ్చిన సంగతి తెలుగు ఇళ్ళలో వైద్యుని కన్నా ముందు అమ్మమ్మలకు తెలుస్తుంది. కింది పన్ను ముందు వస్తే సంతోషం. పై పన్ను ముందు వస్తే మేనమామకు గండమని కలవరం. ఏ పన్ను ముందు వచ్చిందన్న దానిపై ఇంత శ్రద్ధ చూపే కుటుంబాలు, ఏ నెలలో వచ్చిందన్న సంగతిని మాత్రం ఎక్కడా రాసి ఉంచవు. మేనమామ క్షేమానికీ మేనల్లుడి పై పన్నుకూ ఏ సంబంధమూ లేదు. కాని పన్ను వచ్చిన కాలానికీ, ఆ బిడ్డ థైరాయిడ్ గ్రంథికీ, ఎముకలకూ, రక్తానికీ సంబంధం ఉన్నది. సగం జీవితం బహ్రెయిన్‌లోనూ సగం స్వదేశంలోనూ గడిపే కుటుంబాలకు ఈ అశ్రద్ధ వల్ల కలిగే నష్టం మరింత ఎక్కువ.

సాధారణంగా ఆరు నుండి పది నెలల మధ్య కింది ముందు పళ్ళు కనిపిస్తాయి. రెండున్నర, మూడేళ్ళు వచ్చేసరికి ఇరవై పాలపళ్ళూ పూర్తవుతాయి. ఆరో ఏట, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ళ వెనుక మొదటి శాశ్వతమైన దవడపన్ను వస్తుంది. దానిని కూడా పాలపన్నే అనుకొని పుచ్చిపోనిచ్చే తల్లిదండ్రులు కొల్లలు. ఆడపిల్లలకు శాశ్వత దంతాలు మగపిల్లల కన్నా కొంచెం ముందుగా వస్తాయి. తండ్రికో తల్లికో పళ్ళు ఆలస్యంగా వచ్చి ఉంటే బిడ్డకూ అలాగే రావచ్చు. అది జబ్బు కాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో పుట్టిన రోజు నుండి కాక, పుట్టవలసిన రోజు నుండి లెక్క వేయాలి. ఈ ఒక్క సవరణతోనే చాలా ఇళ్ళలో ఆందోళన తీరిపోతుంది.

పళ్ళను గడియారంగా వాడుకోవడం కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో 1833 నాటి ఫ్యాక్టరీ చట్టం తొమ్మిదేళ్ళ లోపు పిల్లలను బట్టల మిల్లులలో పనికి పెట్టరాదన్నది. జనన ధ్రువపత్రాలు లేని రోజులవి. పేదరికంలో పెరిగిన పిల్లవాడి ఎత్తును బట్టి వయస్సు చెప్పబోతే పొరపడడం ఖాయం. 1837లో ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు వెయ్యిమందికి పైగా పిల్లల నోళ్ళు పరీక్షించి, ఎత్తు కన్నా పళ్ళే నమ్మదగిన సాక్ష్యమని ప్రచురించాడు. ఆ మాట నేటికీ మొత్తం మీద నిలిచే ఉన్నది. ఆకలికీ, మామూలు జబ్బులకూ ఎముకల పెరుగుదల త్వరగా లొంగిపోతుంది. పళ్ళ పెరుగుదల అంత త్వరగా లొంగదు. కనుకనే, అంత మొండి గడియారం కూడా వెనుకబడిందంటే, దానికి తోడుగా బిడ్డ ఎదుగుదలలో ఇతర లోపాలు కూడా కనిపిస్తున్నాయంటే, కారణం వెతకవలసిందే.

అయితే పన్ను తయారు కావడం వేరు, చిగురును చీల్చుకొని పైకి రావడం వేరు. దవడ ఎముకలో పన్ను దాదాపు తయారై కూర్చున్నా, పైనున్న ఎముక కరిగి దారి ఇస్తేనే అది బయటికి వస్తుంది. ఆ దారి ఎవరు చేస్తారన్న ప్రశ్నకు మార్క్స్, కాహిల్ అనే పరిశోధకులు 1984లో కుక్కపిల్లలపై చేసిన ప్రయోగంతో చక్కని సమాధానం చెప్పారు. పన్నును చుట్టి ఉండే సంచి వంటి పొరను కదపకుండా, లోపలి పన్నును మాత్రం తీసివేసి, దాని స్థానంలో అదే ఆకారంలో కృత్రిమమైన బొమ్మ పన్నును పెట్టారు. ఆ బొమ్మ కూడా వేళకు పైకి వచ్చింది! అంటే పన్ను తనంతట తాను తోసుకు రావడం లేదు. చుట్టూ ఉన్న పొర పంపే రసాయన సంకేతాలకు ఎముకను కరిగించే కణాలు పైన దారి తవ్వుతాయి. కింద కొత్త ఎముక పేరుకొంటుంది. థైరాయిడ్, పారాథైరాయిడ్ హార్మోన్లు, విటమిన్ డి వంటివి ఎముక కరగడాన్నీ పేరుకోవడాన్నీ శాసించేవే. అందువల్లనే ఒంటి జబ్బు నోటి తలుపు దగ్గర కనబడుతుంది. ఎముక కరిగించే కణాలు పనిచేయని ఒక అరుదైన పుట్టు జబ్బులో పళ్ళు ఎముకలోనే చిక్కుకొని ఉండిపోతాయి.

దీని నుండి ఇంట్లో ఎవరైనా చేయగల పరిశీలన ఒకటి వస్తుంది. కుడివైపు పన్ను వచ్చి ఆరు నెలలు దాటినా ఎడమవైపు దాని జత రాకపోతే కారణం అక్కడే, ఆ దవడలోనే ఉంటుంది. అదనపు పన్ను అడ్డం పడిందో, చోటు చాలలేదో, అసలు పన్నే లేదో దంతవైద్యుడు ఎక్స్‌రే తీసి చెబుతాడు. అలా కాక నోరంతా రెండు వైపులా సమానంగా వెనుకబడి ఉంటే చూడవలసింది నోటిని కాదు, బిడ్డను.

అటువంటి కారణాలలో మొదట చెప్పవలసింది థైరాయిడ్ లోపం. పుట్టుకతోనే ఈ గ్రంథి సరిగా పనిచేయని బిడ్డకు పళ్ళు బాగా ఆలస్యమవుతాయి. కాని పళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే అప్పటికే మెదడుకు తీరని నష్టం జరిగిపోతుంది. మందు పుట్టిన మొదటి వారాలలోనే మొదలు కావాలి. పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుండి తీసిన రక్తపు చుక్కతో ఈ లోపాన్ని కనిపెట్టవచ్చు. ఇక్కడి తెలుగు కుటుంబాలలో పురిటికి పుట్టింటికి వెళ్ళడం నేటికీ వాడుకలో ఉన్నది. కాకినాడలోనో, వరంగల్‌లోనో కాన్పు జరిగి, బిడ్డకు అయిదో నెల వచ్చాక తల్లి మనామాకు తిరిగి వస్తుంది. భారతదేశంలో ఈ పరీక్ష అన్ని ఆసుపత్రులలోనూ తప్పనిసరి కాదు. చేశారో లేదో ఇక్కడి వైద్యునికి తెలియదు. చేసి ఉంటే ఆ కాగితం అమ్మమ్మగారి బీరువాలో ఉంటుంది. విమానం ఎక్కే ముందు సామానులో ఆవకాయ జాడీకి చోటు చూసేవారు ఆ కాగితానికీ చోటు చూడాలి. బడి వయస్సులో కొత్తగా వచ్చే థైరాయిడ్ లోపం మరో రకం. పిల్లవాడు ఎత్తు పెరగడు, మందకొడిగా ఉంటాడు, మలబద్ధకం, దానికి తోడు ఎనిమిదో ఏటనూ ముందు పాలపళ్ళు ఊడవు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద సంగతి కాదు. అన్నీ కలిస్తే ఒక రక్తపరీక్షకు అది చాలిన కారణం.

రెండవది విటమిన్ డి లోపం. సూర్యుడు నిప్పులు చెరిగే బహ్రెయిన్‌లో ఎండ తక్కువై జబ్బు వస్తుందంటే నవ్వు రావచ్చు. కాని గల్ఫ్ దేశాలన్నిటా ఈ లోపం తల్లులలోనూ పిల్లలలోనూ విస్తారంగా ఉన్నదని పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చూపాయి. చర్మంలోని ఒక కొలెస్ట్రాల్ బంధువును విటమిన్ డిగా మార్చేది సూర్యరశ్మిలో 290 నుండి 315 నానోమీటర్ల వరకు ఉన్న కిరణాలు మాత్రమే. కిటికీ అద్దం వాటిని ఆపివేస్తుంది. గుదైబియాలోని అపార్ట్‌మెంట్ గదిలో అద్దం గుండా ఊయలపై పడే ఎండ కళ్ళకు వెలుగే గాని ఎముకలకు మేలు చేయదు. తల్లిపాలు సర్వశ్రేష్ఠం, అయినా వాటిలో ఈ విటమిన్ మాత్రం చాలా తక్కువ. అందుకే తల్లిపాలు తాగే బిడ్డకు పుట్టిన కొద్ది రోజుల నుండే రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2008లో సిఫారసు చేసింది. ఆ చుక్కల సీసా సగంలో ఆగిపోయిన ఇళ్ళు ఎన్నో. లోపం ముదిరితే వచ్చే రికెట్స్‌లో కాళ్ళు వంగుతాయి, మాడు త్వరగా పూడదు, పళ్ళు ఆలస్యంగా వస్తాయి; వచ్చిన పళ్ళకు ఎనామిల్ పలుచబడి త్వరగా పుచ్చుతాయి.

రికెట్స్‌లో తరచుగా రక్తంలోని ఫాస్ఫేట్ తగ్గుతుంది. దానిని కొద్దిపాటి రక్తంతో, నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రపంచానికి ఇచ్చిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరు జీవరసాయన శాస్త్రం చదివిన వారందరికీ తెలుసు. ఆ పేరులోని రెండవ సగం తెలుగువాడిదని ఈసా టౌన్ ఇండియన్ స్కూల్‌లో చదివే మన పిల్లలలో ఎందరికి తెలుసునో!

రక్తపు జబ్బుల మాట బహ్రెయిన్‌లో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సికిల్ సెల్, థలసీమియా ఇక్కడ ఎంత ముఖ్యమైన సమస్యలంటే, పెళ్ళికి ముందు వైద్య పరీక్షను 2004లో చట్టం చేశారు. ఈ రెండు జబ్బులూ తెలుగు నేలకూ కొత్త కావు. ఆదిలాబాద్ మొదలు విశాఖ మన్యం వరకు గిరిజనులలో సికిల్ సెల్ ఉన్నది. తీవ్రరూపంలో ఉన్న పిల్లలలో ఒంటి పెరుగుదలతో పాటు పళ్ళ రాక కూడా వెనుకబడవచ్చు. డౌన్ సిండ్రోమ్, మూత్రపిండాల దీర్ఘవ్యాధి, గోధుమ పడని సీలియాక్ జబ్బు, దీర్ఘకాలపు పోషకాహార లోపం ఇదే కోవలోనివి. దీనికి విరుద్ధంగా ఊబకాయం ఉన్న పిల్లలకు శాశ్వత దంతాలు కొంత ముందుగా వస్తున్నాయని పలు అధ్యయనాలు తేల్చాయి. ఇది గొప్పగా చెప్పుకోవలసిన విషయమేమీ కాదు. ముందుగా వచ్చిన పన్ను అంత ముందుగానే చాక్లెట్‌కు దొరికిపోతుంది.

రాక సంగతి ఇది. పోక సంగతి మరొకటి. అయిదేళ్ళ లోపు, దెబ్బ తగలకుండా, పుచ్చిపోకుండా పాలపన్ను వేరుతో సహా ఊడి చేతికి వస్తే దానిని పారవేయకుండా వైద్యునికి చూపాలి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ తక్కువైన ఒక అరుదైన జన్యువ్యాధికి అదే తొలి గుర్తు కావచ్చు. మామూలు రక్తపరీక్షలో ఈ ఎంజైమ్ ఎక్కువైతే అందరూ గమనిస్తారు. తక్కువైతే ఎవరూ పట్టించుకోరు.

ఇక పళ్ళ మీద నెపం వేసే అలవాటు. బిడ్డకు జ్వరం వచ్చినా, విరేచనాలు పట్టుకొన్నా ‘పళ్ళు వస్తున్నాయి’ అని సరిపెట్టుకోవడం అన్ని దేశాలలోనూ ఉన్నదే. పళ్ళు వచ్చేటప్పుడు చొంగ, చిరాకు, చిగుళ్ళ దురద ఉంటాయి. గట్టి జ్వరం, నీళ్ళ విరేచనాలు ఉండవు. అవి వేరే జబ్బులు. పన్ను పేరు చెప్పి రెండు రోజులు ఆగితే పసివాడి ఒంట్లో నీరు ఇంకిపోతుంది. ఒకప్పుడు బ్రిటన్‌లో పళ్ళు సులువుగా రావడానికని పాదరస లవణం కలిపిన పొడులు అమ్మేవారు. వాటి వల్ల చేతులు, కాళ్ళు ఎర్రబారి పిల్లలు చనిపోయారు. 1954లో ఆ పొడులలో పాదరసం మానివేసిన తరువాత ఆ జబ్బు దాదాపు అంతరించింది. నిన్న మొన్నటి చిగుళ్ళ జెల్‌ల కథా కొంత ఇలాగే ఉన్నది. బెంజోకేయిన్ గల జెల్‌లను రెండేళ్ళ లోపు పిల్లలకు అమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో కోరింది. అది రక్తంలోని ఇనుమును ఆక్సిజన్ మోయలేని రూపానికి మార్చగలదు. జి-6-పి-డి లోపం సర్వసాధారణమైన ఈ ద్వీపంలో దాని ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ స్థితికి మామూలుగా ఇచ్చే విరుగుడు మందు ఈ లోపం ఉన్నవారికి పనికిరాదు. తడిపి చల్లబరచిన శుభ్రమైన గుడ్డ కన్నా మంచి మందు పంటి దురదకు లేదు.

ఏడాది నిండినా ఒక్క పన్నూ రాకపోతే తరువాతి టీకా నాడు ఆ మాట వైద్యునితో చెప్పాలి. పద్దెనిమిది నెలలకూ రాకపోతే పిల్లల దంతవైద్యునికీ, పిల్లల వైద్యునికీ ఇద్దరికీ చూపాలి. అప్పుడు వారు అడిగే మొదటి ప్రశ్న తేదీల గురించే. టీకాల కార్డు అంచున తొలిపన్ను తేదీ, ఇరవయ్యవ పన్ను తేదీ, తొలి పాలపన్ను ఊడిన తేదీ రాసి ఉంచితే, బహ్రెయిన్‌లో ఒక వైద్యుడు, సెలవుల్లో విజయవాడలో మరొక వైద్యుడు చూసినా బిడ్డ చరిత్ర తెగిపోదు. సిత్రాలోనో సల్మాబాద్‌లోనో శిబిరంలో ఉండి, భార్యాబిడ్డలను కరీంనగర్‌లోనో కడపలోనో విడిచి వచ్చిన తండ్రులు ఈ కబురు ఫోనులోనే వింటారు. విన్ననాడే తేదీ అడిగి, ఇంటి దగ్గరున్న మాతా శిశు సంరక్షణ కార్డుపై రాయించవచ్చు.