మూడు స్టేషన్లు.. ఒకటే ప్రశ్న: సమాచారం ఎవరి చేతిలో ఉంది?

'సమ్మిళిత, సుస్థిర అభివృద్ధిలో డిజిటల్ టెక్నాలజీ పాత్ర'. గ్రూప్ డిస్కషన్‌లోనో, పోటీ పరీక్ష వ్యాసంలోనో ఈ అంశం మీకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. చాలామంది యూపీఐతో మొదలుపెడతారు, కృత్రిమ మేధతో ముగిస్తారు. మధ్యలో ఒక్క ఊరి పేరూ ఉండదు, ఒక్క మనిషీ కనిపించడు. విన్నవాళ్లకు ఏమీ గుర్తుండదు.

ఈసారి నోట్స్ పక్కన పెట్టి, ధర్మవరంలో బెంగళూరు వైపు వెళ్లే రైలు ఎక్కినట్టు అనుకోండి. అదే లైన్లో పెనుకొండ వస్తుంది, ఆ తర్వాత హిందూపురం. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలోవే ఈ మూడూ. మొదటి ఊరికి పట్టుచీర పేరు తెచ్చింది, రెండో ఊరికి కార్ల ఫ్యాక్టరీ, మూడో ఊరికి పట్టుగూళ్ల మార్కెట్. టెక్నాలజీ మూడు చోట్లకూ వచ్చింది. కానీ ఫలితం మూడు రకాలుగా ఉంది. ఎందుకో అర్థమైతే ఈ టాపిక్ మీద మీకు సొంత అభిప్రాయం ఏర్పడుతుంది. మీ ఉద్యోగ వేటకూ అది పనికొస్తుంది.

ధర్మవరం: ఫొటో తెచ్చిన లాభం, ఫొటో తెచ్చిన నష్టం

కంప్యూటర్ చరిత్ర పాఠంలో పంచ్ కార్డుల గురించి చదివే ఉంటారు. వాటి మూలం మగ్గంలో ఉంది. 1804 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ రంధ్రాలు పొడిచిన అట్టలతో డిజైన్ నేసే యంత్రం తయారుచేశాడు. రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఒకటి, సున్నా అన్నమాట. ధర్మవరంలో కొంగు మీద, అంచు మీద డిజైన్ నేసే జకార్డ్ మగ్గానిదీ ఇదే సూత్రం. అంటే మనం కోడింగ్ నేర్చుకోకముందే మన నేతన్న ఇంట్లో ప్రోగ్రామ్ నడుస్తోంది.

ఇప్పుడు ఆ అట్టల వెనక కంప్యూటర్ డిజైన్ వచ్చింది. చేతిలోకి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. చీర ఫొటో వాట్సాప్‌లో పెడితే హైదరాబాద్‌లో ఉన్న కొనుగోలుదారు నిమిషంలో చూస్తారు. మంచిదే కదా! కానీ అదే ఫొటోను మరమగ్గం యజమానీ చూస్తాడు. చేనేతలో రోజుల తరబడి సాగే పనిని మరమగ్గం గంటల్లో ముగించేస్తుంది. ఆ నకలు తక్కువ ధరకు మార్కెట్లోకి వస్తే, అసలు చీర నేసినవాళ్లే ధర తగ్గించుకోవాల్సి వస్తుంది.

మరి చట్టం లేదా? ఉంది. ధర్మవరం చేనేత పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ ఉంది. చీరలతో సహా 11 రకాల వస్త్రాలను కొన్ని నిబంధనలతో చేనేతకే కేటాయించే 1985 నాటి చట్టమూ ఉంది. అయితే ఒక సూక్ష్మం గమనించండి. జీఐ కాపాడేది 'ధర్మవరం' అనే పేరును. ఫలానా కొంగు డిజైన్‌ను కాదు. డిజైన్‌కు రక్షణ కావాలంటే 2000 నాటి డిజైన్ల చట్టం కింద విడిగా రిజిస్టర్ చేయించుకోవాలి. అప్పుడు పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు హక్కు ఉంటుంది. అదీ డిజైన్ బయటపెట్టకముందే దరఖాస్తు చేయాలి. వాట్సాప్‌లో పెట్టేశాక కాదు. ఈ సంగతి మగ్గం గుంతలో కూర్చున్న మనిషికి ఎవరు చెప్పాలి?

చేనేత కుటుంబాల పరిస్థితి ఏమిటో 2019-20 జాతీయ చేనేత గణన చెప్పింది. దేశంలో మూడింట రెండొంతుల నేత కుటుంబాలకు నెలకు రూ.5 వేలు కూడా రావడం లేదు. ఆ ఆదాయంలో డిజైన్ రిజిస్ట్రేషన్, మంచి కెమెరా, ఆన్‌లైన్ దుకాణం ఎక్కడి నుంచి వస్తాయి? అవి పెట్టుకోగలిగింది నూలు ఇచ్చి, కూలి లెక్కన నేయించుకునే మాస్టర్ వీవర్లు, వ్యాపారులు. ఫోన్ అందరి చేతిలోనూ ఉంది. కొనుగోలుదారుల నంబర్లు మాత్రం కొందరి దగ్గరే ఉన్నాయి.

ఇంకో ఉదాహరణ. 2019 డిసెంబర్ 21న నేతన్న నేస్తం పథకం మొదలైంది ధర్మవరంలోనే. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి రూ.24 వేలు నేరుగా బ్యాంకు ఖాతాలో వేసేలా అప్పటి ప్రభుత్వం దాన్ని రూపొందించింది. నగదు బదిలీ అనేది టెక్నాలజీ సాధించిన విజయమే, మధ్యలో చేతులు మారే పని లేదు. కానీ 'సొంత మగ్గం' అన్న రెండు మాటలు చూడండి. వేరొకరి మగ్గం మీద కూలికి నేసేవాళ్లు ఆ జాబితాలోకి రారు. ఎవరిని చేర్చాలో, ఎవరిని వదిలేయాలో సాఫ్ట్‌వేర్ నిర్ణయించదు. దానికి ముందే కాగితం మీద రాసిన ఒక నిర్వచనం నిర్ణయిస్తుంది.

పెనుకొండ: రోబో పక్కన ఎవరు?

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 2019లో ఉత్పత్తి. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యం. వేరుశనగ తప్ప మరోటి పండదనుకున్న నేలలో ఇది పెద్ద మార్పే. 

ఇలాంటి ఆధునిక కార్ల ప్లాంట్లలో బాడీ వెల్డింగ్ లాంటి పనులు ఎక్కువగా రోబోలవే. ఇక్కడే మన దగ్గర ఒక అపోహ ఉంది. 'రోబో వస్తే ఉద్యోగం పోతుంది' అని కొందరు, 'కంపెనీ వస్తే ఊరంతటికీ ఉద్యోగాలే' అని ఇంకొందరు అంటారు. రెండూ సగం నిజాలే. రోబో ఒక రకం పనిని తీసేస్తుంది, ఇంకో రకం పనిని తెస్తుంది. అది ఆగిపోతే బాగుచేసేవాళ్లు, పీఎల్‌సీ ప్రోగ్రామ్ చూసేవాళ్లు, సెన్సర్ రీడింగ్ తేడాగా ఉంటే పట్టుకునేవాళ్లు కావాలి. ఆ పని ఎర్రమంచి పిల్లలకు దొరుకుతుందా, వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లకు దొరుకుతుందా అన్నదే 'సమ్మిళితం' అనే మాటకు అసలు పరీక్ష.

పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని రాష్ట్రం 2019లో చట్టం చేసింది. నైపుణ్యం ఉన్న స్థానికులు దొరక్కపోతే శిక్షణ ఇచ్చి మూడేళ్లలో తీసుకోవాలని కూడా అందులో రాశారు. అంటే చట్టం రాసినవాళ్లకు కూడా తెలుసు, భూమి ఇచ్చినంత మాత్రాన నైపుణ్యం రాదని. బీటెక్ సర్టిఫికెట్ ఉండి మల్టీమీటర్ పట్టుకోవడం రాని మనలాంటి వాళ్ల కంటే, చేతితో పని నేర్చుకున్న ఐటీఐ, డిప్లొమా కుర్రాళ్లు ఇలాంటి చోట ముందుంటారు. చేదుగా ఉన్నా ఒప్పుకోవాల్సిన నిజం.

'సుస్థిరం' అనే మాట కూడా పెనుకొండలోనే అర్థమవుతుంది. ఈ ఫ్యాక్టరీకి నీళ్లు వచ్చేది హంద్రీ-నీవా పథకంలోని గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి. చుట్టూ ఉన్న రైతు మాత్రం బోరునే నమ్ముకున్నాడు. నీళ్ల విషయంలో ఈ ప్రాంతం ప్రపంచానికి ఒక పాఠం చెప్పింది. 2000 తర్వాతి దశాబ్దంలో ఎఫ్ఏఓ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో రైతుల భూగర్భ జల నిర్వహణ ప్రాజెక్టు నడిచింది. వాటిలో అనంతపురం ఒకటి. రైతులే వానమాపకాలు చూశారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, పుస్తకంలో రాసుకున్నారు. ఊళ్లో ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటకు కావాల్సినవెన్ని అని అందరూ కూర్చుని లెక్క వేసుకున్నారు. 'ఫలానా పంట వేయొద్దు' అని ఎవరూ ఆదేశించలేదు. లెక్క కళ్ల ముందు కనిపించాక చాలామంది నీళ్లు తక్కువ తాగే పంటల వైపు మళ్లారు. అక్కడ యాప్ లేదు, క్లౌడ్ లేదు. ఉన్నది సమాచారం. అదీ రైతు చేతిలోనే ఉంది.

హిందూపురం: ధర తెలిస్తే చాలా?

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ రాష్ట్రంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. పట్టుగూడు నిల్వ పెట్టుకునే సరుకు కాదు. కొద్ది రోజులు ఆగితే పురుగు చిలకై గూడు చీల్చుకుని వస్తుంది, దారం తెగిపోతుంది. కాబట్టి రైతు ఆ కొద్ది రోజుల్లోనే అమ్మి తీరాలి. అటు కర్ణాటకలో రామనగర మార్కెట్ ఉంది. ఏ రోజు ఎక్కడ ఎంత పలికిందో ముందే తెలిస్తే రైతుకు ఎంత మేలు!

ఈ మేలు నిజమేనని చెప్పే ప్రసిద్ధ అధ్యయనం ఒకటుంది. 1997 నుంచి 2001 మధ్య ఉత్తర కేరళ తీరానికి సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు ఏం జరిగిందో ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ పరిశీలించాడు. చేపల పడవలవాళ్లు సముద్రంలో నుంచే ఫోన్ చేసి, ధర ఉన్న ఒడ్డుకు వెళ్లడం మొదలుపెట్టారు. కొనేవాళ్లు లేక చేపలు పారబోసే పరిస్థితి దాదాపు పోయింది. పడవవాళ్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. 

కానీ ఇక్కడొక షరతు ఉంది. ఆ పడవకు ఏ ఒడ్డుకైనా వెళ్లే స్వేచ్ఛ ఉండాలి. అడ్వాన్స్ తీసుకుని ఒకే వ్యాపారికి కట్టుబడిపోయిన రైతుకు పక్క మార్కెట్ ధర తెలిసినా ఏం లాభం? నాలుగు కిలోల గూళ్లకు బస్సు ఛార్జీ పెట్టుకుని రామనగర వెళ్లడం గిట్టుబాటు అవుతుందా? ధర చూపించే యాప్ తయారుచేయడం తేలిక. దాంతోపాటు అప్పు, రవాణా, పది మంది రైతులను ఒక్కటి చేసే సంఘం కూడా ఉంటేనే ఆ యాప్‌కు విలువ.

లెక్కలోకి రానివాళ్లు

ఈ మూడు ఊళ్ల చుట్టూ ఉన్న పల్లెల్లో ఉపాధి హామీ పని లక్షల కుటుంబాలకు ఆధారంగా నిలిచింది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదటగా ప్రారంభమైంది ఉమ్మడి అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. 2023 జనవరి 1 నుంచి కూలీల హాజరును ఫోన్ యాప్‌లోనే వేయాలన్నారు. రోజుకు రెండుసార్లు లొకేషన్‌తో సహా ఫొటో తీయాలి. దొంగ మస్టర్లు ఆపడానికి మంచి ఆలోచనే. మరి సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే? మట్టి తవ్విన మనిషి తవ్వలేదన్నట్టే లెక్క. తప్పు సర్వర్‌ది, కూలి పోయేది కూలీది.

ఇంకో అంకె గుర్తుపెట్టుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు దాదాపు 49 శాతం, ఆడవాళ్లు 21 శాతమే. ఆ తర్వాత పరిస్థితి కొంత మారి ఉండొచ్చు. ప్రభుత్వ సేవలు ఫోన్‌లోకి వస్తున్నాయి. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. క్యూలు తగ్గుతాయి, సందేహం లేదు. అయితే ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ కొడుకు జేబులో ఉంటే, తల్లికి ఆ సేవ అందినట్టా, అందనట్టా? 

కెన్యాలో 2007లో వచ్చిన ఎం-పెసా ఎందుకు గెలిచిందో చూడండి. అది మామూలు ఫోన్‌లో పనిచేసింది. అంతకంటే ముఖ్యంగా, ప్రతి సందులోనూ డబ్బు తీసుకుని, డబ్బు ఇచ్చే ఒక ఏజెంట్ ఉన్నాడు. టెక్నాలజీ పక్కన మనిషి ఉన్నాడు.

నాలుగు ప్రశ్నలు, కొన్ని ఉద్యోగాలు

ఇంజినీరింగ్ చదివిన మనకు ఒక అలవాటుంది. సమస్య కనబడగానే 'దీనికో యాప్ చేద్దాం' అంటాం. అనే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. సమాచారం చివరికి ఎవరి చేతిలో ఉంటుంది? జాబితాలో లేనివాళ్లు ఎవరు? యాప్ ఆగిపోతే నష్టం ఎవరు భరిస్తారు? ప్రాజెక్టు డబ్బులు అయిపోయాక దీన్ని ఎవరు నడుపుతారు? మొదటి మూడు సమ్మిళితానికి పరీక్ష, నాలుగోది సుస్థిరతకు. ఇంటర్వ్యూలో ఈ నాలుగూ అడిగి, పై మూడు ఊళ్లలో ఒక్కదాన్ని ఉదాహరణగా చెప్పినా మీ మాట మిగతావాళ్ల కంటే వేరుగా వినిపిస్తుంది.

ఇక ఉద్యోగాల సంగతి. యంత్రానికీ మనిషికీ మధ్య ఖాళీ ఉన్నచోటల్లా పని ఉంది. సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్, ఊళ్లో బ్యాంక్ మిత్ర చేసేది ఆ పనే. ఉపాధి హామీ లెక్కలను ఊరి ముందు చదివి నిజం తేల్చే సోషల్ ఆడిట్‌లో గ్రామీణ యువతే ముందు నిలిచారు. నేత సంఘాలకు కంప్యూటర్ డిజైన్, ఫొటోలు, ఆన్‌లైన్ అమ్మకం, డిజైన్ రిజిస్ట్రేషన్ చూసిపెట్టేవాళ్లు కావాలి. ప్లాంట్లలో ఆటోమేషన్ మెయింటెనెన్స్‌కు మనుషులు కావాలి. కంప్యూటర్లకు భారతీయ భాషలు నేర్పే 'భాషిణి' కార్యక్రమాన్ని కేంద్రం 2022లో తెచ్చింది. కన్నడం కలిసిన హిందూపురం తెలుగును యంత్రానికి అర్థమయ్యేలా చేయాలంటే ఆ యాస తెలిసినవాళ్లే కావాలి కదా!

వీటన్నింటిలో జీతాలు బెంగళూరు ప్యాకేజీలతో పోటీపడవు. ఆ మాట దాచాల్సిన పని లేదు. బెంగళూరు వెళ్లడం తప్పూ కాదు. కానీ రేపు మీరు అక్కడ కూర్చుని రాసే కోడ్, ఏదో ఒక పల్లెలో ఒకరి హాజరు వేస్తుంది, ఒకరి చీరకు ధర కడుతుంది, ఒకరి పేరు జాబితాలో ఉంచుతుంది లేదా తీసేస్తుంది. ఈ వారం ఒక పని చేయండి. మీ ఊళ్లో నేతన్ననో, రైతునో, ఉపాధి కూలీనో ఒకరిని కలిసి, 'ఫోన్ వచ్చాక మీకు ఏది తేలికైంది, ఏది కష్టమైంది?' అని అడగండి. వాళ్లు చెప్పింది రాసుకోండి. మీ ప్రాజెక్టు రిపోర్టుకు అంతకంటే మంచి మొదటి పేజీ దొరకదు.