చెట్టుకు సబ్సిడీ, కైకిలోళ్లకు చిప్ప



చెట్లు వద్దనే మూర్ఖులం కాము. చెట్టు పేరు చెప్పి ఇచ్చే పైసలు ఎవల ఇంటికి పోతున్నయో అడుగుతున్నం.

2014లో కేంద్రం పొలాల్లో చెట్ల పెంపకానికి ఒక జాతీయ విధానం ప్రకటించింది. 2016-17లో పథకం మొదలుపెట్టింది. అప్పుడు ఖర్చులో సగం సర్కారుది ఉండె. అది కూడా నాలుగేండ్లలో 40, 20, 20, 20 శాతం లెక్కన. మరి మిగిలిన సగం పెట్టేదెవడు? పంట లేకుండా నాలుగేండ్లు ఆగేదెవడు? ఎకరం చెల్కున్న మాదిగ, మాల ఇండ్లల్ల ఈ ఏటి గింజలు ఈ ఏడే తినాలె. ఆగగలిగేది పట్నంల ఉండే దొరే!

చేను లెక్క చూద్దాం. పత్తి వేస్తే గింజ పెట్టుడు, కలుపు, ఏరుడు... వానకాలం నుంచి చలికాలం దాక మన ఆడోళ్లకు కైకిలి. అదే చేనుల నీలగిరి పెడితే? మొదటేడు గుంతలు, కొంచెం కలుపు. మళ్ల నాలుగేండ్లకు నరుకుడు. నరికిన మొద్దు మళ్లీ చిగురేస్తది, నాటే పని కూడా పోతది. ఆకును మేక ముట్టదు. పత్తికి కౌలుదారు కావాలె, నీలగిరికి అక్కర లేదు. అట్ల కౌలు చేసుకునేటోడు ముందుగాల లేచిపోతడు. వానికి దిక్కెవరు? 2018లో రైతుబంధు పైసలు పట్టాదారుకే ఇచ్చి కౌలుదారును వదిలేసిన పద్ధతి చూసినం గదా!

కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ మిల్లు ఏండ్ల తరబడి ఆదిలాబాద్ అడవి వెదురుతో నడిచింది. మిల్లులకు కావలసిన కర్రను రైతులు పెంచాలని 1988 అటవీ విధానం చెప్పింది. ఎక్కడ? బీడు భూముల్లో, సారం చచ్చిన భూముల్లో. తిండిగింజలు పండే చెల్కల్లో పెంచమని ఎవరు చెప్పిన్రు?

ఇంకో అన్యాయం చూడండి. పట్టాదారు చెట్టు పెడితే బహుమానం. అడవి అంచున జొన్నలు వేసుకున్న దళితుడిది నేరం. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనేతరుల్ని మూడు తరాల, అంటే 75 ఏండ్ల రుజువు అడుగుతది. వెట్టి చేసిన తాతలకు ఎవడు కాగితం రాసిచ్చిండు? 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. ఆదివాసులకు అందింది వాళ్ల హక్కు, దాని మీద మనకు కుళ్లు లేదు. మన సంగతేంది అని మాత్రం అడుగుతం.

అందుకే మన డిమాండ్లు:

కౌలుదారు సంతకం లేనిదే ఆ భూమిలో చెట్ల సబ్సిడీ ఇవ్వొద్దు.

నాటిన, కాసిన కైకిలోళ్లకు నరికేనాడు వాటా రాసియ్యాలె.

అసైన్డ్ భూముల్లో చింత, మామిడి, సీతాఫలం పెంచే దళితులకు మొత్తం ఖర్చు ముందే ఇయ్యాలె. కాపుకొచ్చే దాక తిండికి సాయం చెయ్యాలె. 2005 ఉపాధి హామీ చట్టంలో మన భూముల్లో పండ్లతోటలకు కూలితో సహా పైసలిచ్చే వీలుండె. మీ ఊళ్లె ఎన్ని దళిత ఇండ్లకు అందినయో గ్రామసభల లేచి నిలబడి అడగండి. పేర్ల లిస్టు చదివి వినిపించమనండి.

నీళ్లు మోసింది మన నెత్తి. కర్రల పైసల్లో మన వాటా మనకు రావాలె.

జై భీమ్!