కార్తెలు: పంచాంగంలోనే కాదు, ఆకాశంలోనూ చదవాలి

"మృగశిర కార్తె వచ్చినది, విత్తనం వేయవచ్చునా?" అని రైతు అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్తలు సాధారణంగా రెండు విధాలుగా స్పందిస్తారు. కార్తె మూఢనమ్మకమని త్రోసిపుచ్చడం ఒకటి. పెద్దల మాట కదా అని తలయూపి ఊరుకొనడం మరొకటి. ఈ రెండింటికీ మూలం ఒక్కటే. కార్తె అనగా ఏమిటో మనం స్వయంగా పరిశీలించి ఉండలేదు.

సూర్యుడు ఆకాశంలో సంచరించే మార్గాన్ని 27 సమభాగాలు చేయగా ఒక్కొక్క భాగం 13 డిగ్రీల 20 నిమిషాలు అగును. సూర్యుడు రోజుకు దాదాపు ఒక డిగ్రీ కదలును కనుక ఒక్కొక్క నక్షత్ర భాగంలో 13 లేక 14 రోజులుండును. అదే కార్తె. చాంద్రమాన తిథులు ఏటేటా ముందు వెనుకలగును గాని, కార్తె సూర్యుని అనుసరించును కనుక ఇంచుమించు అదే తేదీకి వచ్చును. మృగశిర జూన్ 8 ప్రాంతంలోను, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలోను ప్రవేశించును. కావున ఇది మూఢనమ్మకం కాదు. సేద్యానికి అనువైన సౌర కాలమానం.

అయితే దీనికొక పరిమితి కలదు. నక్షత్రాలను బట్టి లెక్కించే సంవత్సరం, ఋతువులను బట్టి లెక్కించే సంవత్సరం కన్నా సుమారు 20 నిమిషాలు ఎక్కువ. అందువలన దాదాపు 71 సంవత్సరాలకు ఒక రోజు చొప్పున కార్తె ఋతువు నుండి జరిగిపోవును. పూర్వం ఆశ్లేష మధ్యంలో దక్షిణాయనం ఆరంభమయ్యేదని, తన కాలంలో అది కర్కాటకాదిన, అనగా పునర్వసు నాలుగవ పాదం వద్ద, జరుగుచున్నదని 6వ శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో గుర్తించెను. నేడది ఆరుద్ర ఆరంభం వద్దకు చేరినది. సిద్ధాంతం కన్నా పరిశీలనకు పెద్దపీట వేసిన ఆ దృష్టియే మనకు ఆదర్శం కావలెను.

ఈ జరుగుబాటు ఒక తరంలో రైతు గమనించగలిగినంత కాదు. కావున ఒక ఏడు మృగశిరలో వాన కురియకపోయిన, దోషం కార్తెది కాదు. సూర్యుని స్థానాన్ని కార్తె చెప్పగలదే గాని, ఆ ఏటి ఋతుపవనాల రాకను చెప్పజాలదు. కార్తె కాలాన్ని సూచించును. విత్తు సమయాన్ని మాత్రం నేలలోని తేమయే నిర్ణయించవలెను. పొడి దుక్కిలో కార్తెను నమ్మి చల్లిన విత్తనం మొలవకపోయిన, ఆ నష్టం రైతుదే. ఈ భేదాన్ని గౌరవంతో వివరించగలిగిన శాస్త్రవేత్త మాటనే రైతు ఆలకించును.

విద్యార్థులకు నా సూచన ఒక్కటే. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఒక రాత్రిని ఆకాశ పరిశీలనకు కేటాయించండి. మృగశిర కార్తెలో మృగశిర నక్షత్రం కనిపించదు. సూర్యుడు దానితోనే ఉండును. ఆ రోజులలో చీకటి పడగానే ఆగ్నేయాన ఎర్రగా మెరయునది జ్యేష్ఠ. మృగశిరను, ఆరుద్రను చూడవలెనన్న జనవరి రాత్రుల వరకు వేచియుండవలెను. ఈ ఒక్క విషయాన్ని రైతుతో కలిసి పొలం గట్టున నిలబడి చూచిన విద్యార్థికి కార్తె అర్థమగును. అంతకుమించి, ఆ రైతుతో మాట కలుపుటకు దారి దొరకును.